పలకరాళ్ళ సీమలో మూడు రోజులు

చిన్నప్పుడు మా ఊరి బళ్ళో పలక పగిలితే వీపు పగిలేది. మార్కాపురం పలక, చుట్టూ చెక్క చట్రం, చేతిలో బలపం. ఓనమాలు దిద్దింది దానిమీదనే. ఆ పలక కొండ కడుపులోనుంచి వస్తుందన్న ఆలోచన ఆ వయస్సులో ఎవరికి వస్తుంది? ఒక సీమలో ఇళ్ళ కప్పులూ, పొలాల చుట్టూ దడులూ, సమాధులమీది రాళ్ళూ కూడా పలకలేననీ, వాటికోసం కొండలకు కొండలే తొలిచేశారనీ వేల్సు దేశం వెళ్ళిన తరువాతనే నాకు తెలిసింది.

మా అమ్మాయీ అల్లుడూ లివర్‌పూల్లో కాపురం ఉంటున్నారు. నేను వెళ్ళి పదిహేను రోజులైనా వాన తెరిపి ఇవ్వలేదు. "ఎంతసేపూ కిటికీలోనుంచి వాన చూస్తారేం నాన్నా? కొండల్లోకి పోదాం పదండి" అంది అమ్మాయి. "అక్కడ వాన ఉండదా?" అన్నాను. "ఇంకా ఎక్కువ" అన్నాడు అల్లుడు. అయినా పులిహోరా, దద్ధ్యోదనం కట్టుకుని బయలుదేరాం. మాతో ఎనిమిదేళ్ళ మనుమరాలు. ఆ పిల్లతో నేను తెలుగులో మాట్లాడతాను, తను ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఇద్దరికీ అర్థమవుతూనే ఉంటుంది. కాని నా వంతుకు మాత్రం మనస్సులో ఎక్కడో ఒక ముల్లు.

అరవ వద్దన్న రోడ్డు

లివర్‌పూల్ నుంచి కారులో పడమరగా వస్తే, కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. దారిలో కాన్వే కోట కనిపిస్తుంది. వేల్సు రాజు ల్లెవెలిన్ 1282లో యుద్ధంలో మరణించాక, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు ఈ సీమను లోబరచుకుని, తలెత్తకుండా చుట్టూ కట్టించిన కోటల్లో ఇది ఒకటి. కయర్‌నార్వన్ కోట కూడా అటువంటిదే. రెండింటి పనీ 1283లో మొదలైంది. ఇవాళ వాటిని ప్రపంచ వారసత్వ కట్టడాలని ప్రపంచమంతా వచ్చి చూస్తోంది. తల వంచడానికి కట్టిన కోటలను తల ఎత్తి చూడడం కాలమహిమ కాక మరేమిటి!

సరిహద్దు దాటగానే రోడ్డు పలకలమీద రెండు భాషలు కనిపించాయి. ఒక మలుపు దగ్గర తారుమీద తెల్లని పెద్ద అక్షరాలు. మనుమరాలు చదవబోయి తడబడింది. "అరవ్ అని చదవాలి, నెమ్మదిగా పొమ్మని అర్థం" అన్నాడు అల్లుడు. "నేనింకా అరవవద్దంటున్నారేమో అనుకున్నా" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. నా తెలుగు ముక్కకు అది నవ్వడం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి.

ల్లాన్‌బెరిస్ అనే ఊళ్ళో బస చేశాం. ఈ పేరులోని మొదటి అక్షరం మన వర్ణమాలలో లేదు. నాలుకను 'ల' పలికేచోట ఆనించి, పక్కనుంచి గాలి ఊదాలి. మేము దిగిన ఇంటావిడ నాకు నేర్పబోయి నవ్వి విరమించుకుంది. ఆవిడ మాతో ఇంగ్లీషులో మాట్లాడుతూనే, గుమ్మంలోకి వచ్చిన కొడుకువైపు తిరిగి వేల్సు భాషలో ఏదో చెప్పింది. వాడు అదే భాషలో జవాబు చెప్పి, బంతి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. అక్కడి పిల్లలూ ఆ భాషలోనే కేకలు. నేను చూస్తూ ఉండిపోయాను. 2021 జనాభా లెక్కల్లో వేల్సు మొత్తంమీద ఆ భాష వచ్చినవారు నూటికి 18 మంది కూడా లేరు. కాని ఈ కొండలున్న గ్వినెద్ జిల్లాలో నూటికి 64 మంది ఉన్నారు.

ఈ సీమను లోకం 'స్నోడోనియా' అంటుంది. అది ఇంగ్లీషువారు పెట్టిన పేరు. స్థానికులకు ఇది ఎప్పుడూ 'ఎరరి'యే. 1951లో ఏర్పడిన ఇక్కడి జాతీయ వనానికి విస్తీర్ణం 2,100 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2022 నవంబరులో ఆ వనం పాలకవర్గం, ఇకనుంచి ఇంగ్లీషులో రాసేటప్పుడు కూడా ఎరరి అనే రాస్తామనీ, స్నోడన్ శిఖరాన్ని 'అర్ విద్వ' అనే పిలుస్తామనీ తీర్మానించింది. కొండ కదలలేదు, పేరు మాత్రం ఇల్లు చేరింది.

మబ్బులోకి రైలు

అర్ విద్వ అంటే సమాధిదిబ్బ అని అర్థం. రాజుల గడ్డాలు గొరిగి వాటితో అంగీ కుట్టించుకున్న రీతా అనే రాక్షసుణ్ణి ఆర్థరు రాజు చంపి అక్కడ పూడ్చాడట. ఎత్తు 1,085 మీటర్లు. మన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఇంతకంటె ఎత్తు సుమా! ఆ మాట పైకి అంటే అల్లుడు, "కాని మామయ్యగారూ, హార్స్‌లీ కొండమీద ఇంత గాలి ఉంటుందా?" అన్నాడు. ఉండదని శిఖరం చేరాక ఒప్పుకున్నాను.

శిఖరందాకా 1896 నుంచి చిన్న రైలు నడుస్తోంది. పట్టాల మధ్య పళ్ళ కమ్మీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళ చక్రం దాన్ని కరుచుకుంటూ ఎక్కుతుంది. ఊటీ రైలు ఎక్కినవారికి ఈ ఏర్పాటు తెలిసిందే. ప్రారంభించిన రోజునే ఒకటో నంబరు ఇంజను పట్టా తప్పి లోయలో పడింది. బెదిరి కిందికి దూకిన ప్రయాణికుడొకరు మరణించారు. ఆ తరువాత పటిష్ఠమైన ఏర్పాట్లు చేసి మళ్ళీ మొదలుపెట్టారు.

రైలు నడిచేవాడికంటె కొంచెం వేగంగా పోతుంది. కిటికీ పక్కనే గొర్రెలు తలెత్తి చూసి, మనం పెద్ద విశేషమేమీ కాదని మళ్ళీ గడ్డిలో పడతాయి. సగం దూరం పోయేసరికి మబ్బు కమ్మింది. శిఖరంమీద దిగితే ముందున్న మనిషి కనబడడు. అరగంటే వ్యవధి. టిక్కెట్టు డబ్బులు మబ్బుపాలయినాయనుకుంటూ ఉండగా గాలి ఒక్కసారి తెర లాగినట్లు మబ్బును తీసింది. కింద గిన్నెల్లో పోసినట్లు చెరువులు, వాటి అంచున కత్తి వాదరలాంటి కొండకొమ్ములు, దూరంగా సముద్రం, అవతల ఆంగ్లసీ ద్వీపం. రెండు నిమిషాలు. మళ్ళీ మబ్బు. ఆ రెండు నిమిషాలకోసం మళ్ళీ వెళ్ళమన్నా వెళతాను.

కొండ కడుపులో

సాయంత్రం ఊరికి ఎదురుగా ఉన్న ఎలిదిర్ కొండవైపు వెళ్ళాం. ఆ కొండను మెట్లు మెట్లుగా కోసిన గుర్తులు చెరువులోనుంచి మబ్బుదాకా ఉన్నాయి. అదే దినోర్విగ్ పలకరాతి గని. మంచిరోజుల్లో 3,000 మందికి పైగా పనిచేసేవారు. 1969లో మూతపడింది. ఉలితో రాతిని పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాలు విప్పినట్లు చీల్చేవారు. కొలతలనుబట్టి పలకలకు డచెస్, కౌంటెస్, లేడీ అని పేర్లు. ఇంట్లో పెళ్ళాం ముతకబట్ట కట్టుకుంటే, గనిలో మగడు రోజంతా డచెస్‌లను మోసేవాడన్నమాట.

ఆ కూలీలు మధ్యాహ్నం అన్నం తినే పాకను 'కాబన్' అనేవారు. అక్కడ టీ నీళ్ళతోపాటు రాజకీయాలూ, మతమూ, పద్యాలూ, పాటలూ అన్నీ వేల్సు భాషలోనే సాగేవి. 1884లో బాంగర్ పట్టణంలో విశ్వవిద్యాలయ కళాశాల పెట్టినప్పుడు ఈ గనికూలీలు తమ కూలిడబ్బుల్లోనుంచి చందాలు ఇచ్చారు. పలక చీల్చినవారు పిల్లల చేతికి పలక ఇవ్వడమంటే ఇదే కదా!

గని పోయాక ఆ కొండ మరో పనికి వచ్చింది. 1984లో దాని కడుపులో పెద్ద విద్యుత్ కేంద్రం ప్రారంభించారు. లోపల సొరంగాలే 16 కిలోమీటర్లు. రాత్రివేళ కరెంటు వాడకం తగ్గినప్పుడు కింది చెరువు నీళ్ళను పై చెరువులోకి తోడుతారు. పగలు అవసరం ముంచుకొచ్చినప్పుడు వాటినే కిందికి వదలి కరెంటు తీస్తారు. టెలివిజనులో పేరుపొందిన కార్యక్రమం అవగానే దేశమంతా లేచి టీకి నీళ్ళు పెడుతుందట. ఆ గడియ గట్టెక్కించేది ఇటువంటి కేంద్రాలే. మన నాగార్జునసాగరులోనూ, శ్రీశైలంలోనూ నీటిని తిరిగి పైకి తోడే యంత్రాలు ఉన్నాయి గాని, టీకోసం అంత అవసరం మనకు ఇంకా రాలేదు.

రాత్రి ఇంటావిడ భోజనాల దగ్గర పాతకాలపు బళ్ళ సంగతి చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో చాలా బళ్ళలో, ఇంటిభాష మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. ఇంకొకడు అదే తప్పు చేస్తే అది వాడి మెడలోకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. వింటూ నేను తల వంచుకున్నాను. 2009లో మన కడప జిల్లాలోనే ఒక బడిలో, తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో ఇకమీదట మాట్లాడబోమన్న అట్టముక్కలు వేలాడదీసిన వార్త నాకు గుర్తుంది. మెడలో పడిన చెక్కముక్కను వీరు తీసి పారవేశారు. మనది మనమే వేసుకున్నాం.

ముంగిస

మూడోరోజు కనుమ దాటి బయలుదేరాం. దారిలో పెన్-అ-గూరిద్ అనే పాత హోటలు ఉంది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందంవారు ఈ కొండల్లోనే సాధనచేస్తూ అక్కడ బసచేశారు. పైకప్పుమీద వారి సంతకాలు ఉన్నాయి.

అక్కడినుంచి బేద్‌గెలర్ట్ గ్రామం. ఏటి ఒడ్డున, పచ్చికలో, ఒక కుక్క సమాధి. రాజు ల్లెవెలిన్ వేటనుంచి తిరిగి వస్తే, ఊయల తలకిందులై ఉంది, బిడ్డ కనబడడు, పెంపుడు కుక్క గెలర్ట్ మూతినిండా నెత్తురు. కత్తి దూసి కుక్కను పొడిచాడు. అప్పుడు ఊయల చాటున బిడ్డ ఏడ్పు వినిపించింది. పక్కనే చచ్చిపడి ఉన్న తోడేలు. అమ్మాయి ఇదంతా పిల్లకు ఇంగ్లీషులో చదివి వినిపిస్తోంది. పిల్ల ఉన్నట్టుండి నావైపు తిరిగి, "తాతయ్యా! ముంగిస!" అని అరిచింది.

అవును, మన పంచతంత్రంలోని ముంగిస కథే. పామును చంపి బిడ్డను కాపాడిన ముంగిసను తల్లి తొందరపడి చంపిన కథ. వచ్చిన కొత్తలో ఒక రాత్రి దానికి చెప్పాను, విన్నదో లేదో తెలియకుండానే. ఇప్పుడు ఆ జంతువు పేరు ఇంగ్లీషులో ఏమంటారో దానికి తెలియదు. తెలిసిన ఒక్కమాట తెలుగుమాట. ఆ సమాధి 18వ శతాబ్దం చివర ఊళ్ళోని హోటలు యజమాని యాత్రికులకోసం కట్టించిందని పండితులంటారు. కట్టించనివ్వండి! ఆ కథ మన దేశంనుంచి ఎన్ని నోళ్ళు మారి, ఎన్ని దేశాలు దాటి ఈ ఏటి ఒడ్డుకు చేరిందో. అంత దూరం రాగలిగిన కథ మా ఇంట్లో ఒక గదిలోనుంచి మరో గదిలోకి రాలేదా అనిపించింది.

నీటి అడుగున ఊరు

మధ్యాహ్నానికి బ్లైనై ఫెస్టిన్యోగ్ చేరాం. ఊరిచుట్టూ నల్లటి పలకముక్కల గుట్టలు. ఇక్కడి పలకను 1836 నుంచి చిన్న రైలుమీద పోర్త్‌మాదోగ్ రేవుకు పంపేవారు. నిండుబళ్ళు పల్లంలో వాటంతట అవే దొర్లేవి. ఖాళీబళ్ళను గుర్రాలు పైకి లాగేవి. దిగేటప్పుడు గుర్రాలుకూడా బండెక్కి దర్జాగా దిగేవి. ఇప్పుడు ఆ దారిన యాత్రికులు తిరుగుతున్నారు. జాతీయవనం ఎల్ల గీసినప్పుడు, ఈ గుట్టలు అందంగా లేవని ఈ ఊరిని మధ్యలో వదిలేశారు. 2021లో ఈ పలకరాతి సీమనే ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. చెమట చిందిన చోటు అందంగా కనబడడానికి డెబ్బై ఏళ్ళు పట్టిందన్నమాట.

తిరుగుదారిలో ఒక పెద్ద జలాశయం. గాలికి అలలు, ఒడ్డున చిన్న ప్రార్థనామందిరం. అందంగానే ఉంది. కాని దాని అడుగున కాపెల్ కెలిన్ అనే ఊరు ఉంది. బడి, గుడి, తపాలా కచేరీ, ఇళ్ళు. అందరూ వేల్సు భాష మాట్లాడేవారే. లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలని 1957లో పార్లమెంటు చట్టం చేసింది. వేల్సునుంచి ఎన్నికైన సభ్యుల్లో ఒక్కరూ దానికి అనుకూలంగా వోటు వేయలేదు. అంతకుముందు ఏడే ఊరివారు పిల్లలతోసహా వెళ్ళి లివర్‌పూల్ వీధుల్లో ఊరేగారు. ఎవరూ వినలేదు. 1965లో నీళ్ళు నిండాయి. నలభై ఏళ్ళకు, 2005లో, ఆ నగరసభ క్షమాపణ చెప్పుకుంది.

మా మేనత్తగారి ఊరు శ్రీశైలం జలాశయం కింద ఉంది. ఆ కరెంటుతో మా ఇంట్లో దీపాలు వెలిగాయి. అందుకని ఆ ఒడ్డున నిలబడి ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు. అల్లుడు మాత్రం, "మేము అక్కడ తాగే నీళ్ళలో ఇవీ కొన్ని ఉంటాయి మామయ్యగారూ" అని ఊరుకున్నాడు.

వెళ్ళదలచిన వారికి రెండుమాటలు. కొండరైలు టిక్కెట్టు ముందే కొనుక్కోండి. చలికాలంలో అది నడవదు. గొడుగు పనికిరాదు, గాలి విరిచేస్తుంది, వానకోటు తీసుకెళ్ళండి. 'దియోల్ఖ్' అంటే ధన్యవాదాలని అర్థం. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు, ఆ ఒక్కమాటకే అక్కడివారి ముఖాలు వికసిస్తాయి.

బ్లైనైలో నేనొక చిన్న పలకముక్క కొన్నాను. టీకప్పు కింద పెట్టుకోవడానికట. ఇంటికి వచ్చాక, బలపం లేక, సుద్దముక్కతో దానిమీద 'ముంగిస' అని రాసి బల్లమీద పెట్టి పడుకున్నాను. పొద్దున్న చూస్తే నా అక్షరాలమీద ఎవరో మళ్ళీ దిద్దారు. 'ము' కొంచెం వంకరపోయింది. నేను సరిచేయలేదు.