బుధ్వారీ బజార్లో రసీదుల కట్ట

రైల్వేలో పనిచేసి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డ మా మేనమామ, "ఇక్కడి చిన్న వర్తకుల సంఘం గురించి రాయరా" అని పోరితే వెళ్లాను. సంఘం పెద్దలు పాత కాగితాలు ముందేశారు. నా చూపు మాత్రం బుధ్వారీ బజార్లో గోంగూర కట్టలు కడుతున్న శ్రీకాకుళం ముసలమ్మ చేతుల మీదే ఉండిపోయింది. ముదురాకు గిల్లేసి, కాడలు సమంగా తట్టి, అరటినార ఒక్క చుట్టు తిప్పి బిగిస్తుంది. కట్టకీ కట్టకీ తేడా కనిపెట్టలేం.

"ఎన్నాళ్లయింది మామ్మా ఇక్కడ?"

"పెళ్లయి వొచ్చిన కాణ్ణించీ బాబూ. రసీదులన్నీ దాసినాను. అయితే ఏటి? నేల రైలోలది. రేపు లెగమంటే లెగాల."

ఆ మాట నన్ను వదల్లేదు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన పట్టాలతో పెరిగిన ఊరిది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. పట్టాల వెంట ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకి ఇంటి రుచి అందించింది ఈ బజారే.

దేశంలో చిరువర్తకుల పోరాటం చిన్నదేమీ కాదు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ 'సేవా' సంఘం పెట్టారు. వీధిలో అమ్ముకోవడం 19(1)(జి) అధికరణం కిందికి వచ్చే హక్కేనని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. 1998లో వీధి వర్తకుల జాతీయ సంఘం మొదలైంది. ఆఖరికి 2014లో చట్టం వచ్చింది. సర్వే కాకుండా ఎవరినీ లేపకూడదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వర్తకులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు.

అదే చట్టం మొదటి సెక్షన్, నాలుగో ఉపవిభాగం: రైల్వే భూములకి ఇది వర్తించదు! మున్సిపాలిటీ రోడ్డు మీద గోంగూర అమ్మే మనిషికి ఉన్న రక్షణ, రైల్వే నేల మీద అమ్మే మామ్మకి లేదు. ఇక్కడి సంఘం ఎన్ని అర్జీలు పెట్టుకున్నా, కూర్చుని మాట్లాడే హక్కు చట్టం ఇవ్వలేదు. ఒకే పని చేసే మనుషుల్ని నేల యజమానిని బట్టి విడదీయడం అన్యాయం.

కాజీపేట, గుంతకల్లు, ఖరగ్‌పూర్‌లలో రైల్వే స్థలంలో అమ్ముకునేవాళ్లదీ ఇదే గతి. ఆ ఊళ్ల పార్లమెంటు సభ్యులు ఆ ఉపవిభాగాన్ని తీసేయించాలి. కనీసం రైల్వే బజార్లకీ వర్తకులు సభ్యులుగా ఉండే కమిటీలు వేయించాలి. మీ ఎంపీని మీరూ అడగండి.