గ్రౌండులో ముందు, స్టేజి దగ్గర వెనక

ఏ హైస్కూలుకైనా ఏడాదిలో రెండు పెద్ద పండగలు ఉంటాయి. ఒకటి ఆటల పోటీలు, రెండోది వార్షికోత్సవం. మొదటి పండగకు మన పిల్లల్ని వెతికి మరీ పిలుస్తారు. రెండో పండగనాడు వాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూసేవాళ్లు తక్కువ. ఈ తేడా గురించి టీచర్లతోనూ, చదువుకుంటున్న మన పిల్లలతోనూ నాలుగు మాటలు చెప్పాలని ఇది రాస్తున్నాం.

మేము ఎరుకల ఇళ్ల నుంచి వచ్చిన టీచర్లం. డి.ఎడ్. చదివి, ఇరవై ఏళ్లుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు బడుల్లో పని చేస్తున్నాం. మా అమ్మానాన్నలు బుట్టలు అల్లారు, పందులు మేపారు, ఊరూరూ తిరిగి ఎరుక చెప్పారు. మా బడుల్లో ఇప్పుడు ఎరుకల, యానాది, సుగాలి పిల్లలు చదువుతున్నారు.

ఖోఖో, కబడ్డీ జట్లు కట్టేటప్పుడు పీఈటీ సార్ల చూపు మొదట కాలనీ పిల్లల మీదే పడుతుంది. అది మాకు సంతోషమే. ఒక ఏడాది జమ్మలమడుగు దగ్గరి మా బడి ఆడపిల్లల ఖోఖో జట్టు పులివెందులలో ఆడాల్సి వచ్చింది. పన్నెండు మందిలో ఏడుగురు మన పిల్లలే. తెల్లవారుజామున బస్సెక్కి ముద్దనూరు మీదుగా పోయినాం. అందరికంటే బాగా పరిగెత్తే పిల్ల, ఆ వారం తల్లితో పాటు పత్తి తీయడానికి పోవాల్సింది. ముందురోజు సాయంత్రం ఇంటికి పోయి అడిగితే తల్లి, "కప్పు గెలిస్తే అది కూడు పెడుతుందా సార్?" అనింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. ఇదే జిల్లాలో వీరపునాయునిపల్లె మండలం పిల్ల శ్రీచరణి 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో ఆడింది. ఆ పేరు చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి. కానీ అంత దూరం పోయేది ఏ ఒక్కరో. మిగతా పిల్లలకు ఆట ఇచ్చేది ఇంకొకటి ఉంది. జట్టులో ఉన్న పిల్ల బడి మానదు. తన కోసం పదకొండు మంది చూస్తుంటారని దానికి తెలుసు. తల్లికి ఆ మాటే చెప్పినాం. పంపింది. జట్టు రెండో స్థానంతో తిరిగి వచ్చింది.

ఆ ఏడాదే వార్షికోత్సవంలో "గిరిజన నృత్యం" అని ఒక అంశం పెట్టారు. నడుముకు ఆకులు, తలకు ఈకలు, ముఖానికి నల్లరంగు, ఒక సినిమా పాట, మధ్యలో అర్థం లేని కేకలు. ఆడినవాళ్లలో మన పిల్ల ఒక్కతీ లేదు. ఖోఖో ఆడిన ఏడుగురూ స్టేజి కింద, వెనక వరసలో కూర్చున్నారు. ఒక పిల్ల మా వైపు తిరిగి అడిగింది.

"వాళ్లెవరు సార్?"

"గిరిజనులంట."

"మనమూ అదే కదా. మనం అట్ల ఉండమే!"

వేషం కట్టిన పిల్లల్లో చెడ్డతనం ఏమీ లేదు. మన పాట ఎట్లా ఉంటుందో ఎవరూ వాళ్లకు వినిపించలేదు. వినిపించాల్సిన మన ఇళ్లలోనేమో నోరు మూసుకోవడం అలవాటైంది. దానికి కారణం ఉంది. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. కడప జిల్లా అప్పుడు అందులోదే. ఆ చట్టం కింద పేరు ఎక్కినవాళ్లు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. 1952లో చట్టం పోయింది కానీ భయం అంత తొందరగా పోలేదు. మా భాష కుర్రు. దానికి లిపి లేదు. నలుగురిలో మాట్లాడొద్దని పెద్దవాళ్లు మాకు చిన్నప్పుడే చెప్పారు.

అందుకే మరుసటి ఏడాది కుర్రులో ఒక పాట పెడదామని కాలనీకి పోతే, ఒక అవ్వ ఒప్పుకోలేదు. "మన మాట మైకులో ఎందుకు నాయనా, ఎవరెవరు వింటారో" అనింది. నాలుగుసార్లు పోయినాం. చివరికి తాను రానని, మనవరాలికి మాత్రం నేర్పుతానని చెప్పింది. సుగాలి పిల్లలు తీజ్ పాట తెచ్చుకున్నారు. అన్ని కులాల పిల్లలూ కలిసి చెక్కభజన నేర్చుకున్నారు. కార్యక్రమాల కాగితంలో ప్రతి పాట పక్కనా దాని భాష పేరు రాయించినాం. "కుర్రు భాషలో పాట" అని మైకులో చదివినప్పుడు కాలనీ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రానన్న అవ్వ కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. మరునాడు తరగతిలో ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒక పిల్లోడు ఆ పాటలోని ఒక మాటకు అర్థం అడిగాడు. పాడిన పిల్ల లేచి నిలబడి చెప్పింది. అంతకు ముందు ఆ పిల్ల తరగతిలో తనంతట తాను నోరు తెరిచింది లేదు.

ఏకలవ్యుడు మా వాడని ఎరుకల వాళ్లం చెప్పుకుంటాం. 1997-98లో గిరిజన పిల్లల కోసం కేంద్రం మొదలుపెట్టిన గురుకులాలకు ఏకలవ్య పేరు పెట్టారు. ఆటల శిక్షకులకు 1985 నుంచి ఇస్తున్న అవార్డుకేమో ద్రోణాచార్యుడి పేరు. వేలు అడిగిన గురువు పేరు శిక్షకుడికి, వేలు ఇచ్చిన శిష్యుడి పేరు మన బడికి! బడికి మన పిల్లల కాళ్లు కావాలి గానీ నాలుకను గేటు బయట వదిలి రమ్మంటే, అదీ వేలు అడిగినట్టే.

కాళ్లూ గొంతూ రెండూ ఒకే మనిషివి కావచ్చని చెప్పడానికి మేము జైపాల్ సింగ్ ముండా కథ చెబుతుంటాం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన భారత హాకీ జట్టు కెప్టెన్ ఆయన. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసుల తరఫున మాట్లాడింది కూడా ఆయనే.

రోజూ ప్రార్థనలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాశారు. ఈ దేశపు రకరకాల వారసత్వాన్ని చూసి గర్వపడాలని అందులో ఉంది. ఆ మాట స్టేజి మీద కూడా నిజం కావాలంటే ఖర్చేమీ లేదు. టీచర్లు వార్షికోత్సవానికి రెండు నెలల ముందే కాలనీకి, తండాకు పోయి ఏ పాటలు ఉన్నాయో అడగాలి. ఆకులూ ఈకలూ కట్టమంటే వద్దని చెప్పాలి. పోటీలకు పంపే ముందు ఆ రోజు ఇంట్లో ఏ కూలి పోతుందో తెలుసుకోవాలి. చదువుకునే పిల్లలూ, మీరు ఈ సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చుని ఒక్క పాటైనా నేర్చుకోండి. ఈసారి వార్షికోత్సవానికి పేర్లు రాసేటప్పుడు, ఆ పాట పేరూ, భాష పేరూ మీరే చెప్పి రాయించండి.