చొక్కా సరిపోయిన మనిషి

మా నాన్నగారి తరం వాళ్లు కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అద్దెకు తెచ్చుకుని, పాఠ్యపుస్తకాల చాటున పెట్టుకు చదివేవారట. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు వాళ్లకి చుట్టాలకన్నా ఎక్కువ. మా తరానికి ఆ భాగ్యం లేదు. మాకున్నదల్లా ఓ లాప్‌టాపూ, పరీక్షల ముందు రాత్రుళ్లూను. అందుచేత నేను డిటెక్టివునవడానికి ఓ ఇంగ్లీషు సీరియలు కావలసి వచ్చింది. ఆ ఉద్యోగం నేను ఎన్నాళ్లు వెలగబెట్టానో, ఎలా ఊడిందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మా రూమ్మేటు సైకాలజీ ఎం.ఏ. విద్యార్థి. వాడి హార్డ్ డిస్కులో ‘క్రాకర్’ అనే పాత సీరియలు ఉంది. 1993లో బ్రిటన్‌లో ఐటీవీలో మొదలైంది. కథంతా మాంచెస్టర్ నగరంలో. రాబీ కోల్ట్రేన్ అనే భారీ మనిషి ఫిట్జ్ అనే మనస్తత్వ నిపుణుడి వేషం వేశాడు. ఈ ఫిట్జ్ తాగుతాడు, జూదమాడతాడు, ఇంట్లో పెళ్లాంతో గొడవ. తన సంసారం చక్కబెట్టుకోలేడు గానీ, ఎదుటివాడి మనసు మాత్రం పుస్తకం విప్పి చదివినట్టు చదువుతాడు. ప్రొఫైలర్ అంటే అదేనట: నేరం జరిగిన తీరు చూసి, చేసినవాడు ఎలాంటివాడో ఊహించి చెప్పేవాడు.

మొదటి కథలో రైల్లో ఓ అమ్మాయి హత్యకు గురవుతుంది. ఆమె ఫిట్జ్ దగ్గర చదువుకున్న పిల్ల. పట్టాల పక్కన గతం మరచిపోయిన ఒకడు పోలీసులకి దొరుకుతాడు. డిటెక్టివ్ బిల్‌బరోకి ఇంకేం కావాలి? హంతకుడు దొరికినట్టే. ఫిట్జ్ కూడా మొదట వాడిచేత ఒప్పించాలనే చూస్తాడు. గదిలో ఇద్దరే కూర్చుంటారు. ఒకడు మాటలతో తవ్వుతుంటాడు, రెండోవాడు ఏమీ గుర్తు లేదంటుంటాడు. తవ్వగా తవ్వగా ఫిట్జ్‌కే సందేహం వస్తుంది. ‘వీడికి నిజంగానే గుర్తు లేదు. వీడు కాదేమో!’

నేను ఆ సందేహాన్ని వదిలేసి, తవ్వడం ఒక్కటే నేర్చుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ వారంలోనే మా హాస్టల్లో మెస్సు డబ్బు పోయింది. తొమ్మిది వేల రెండు వందలు, కవర్లో పెట్టి ఉంచినది. మెస్సు సెక్రటరీ లబోదిబోమన్నాడు. రాత్రి అందరూ టీవీ గదిలో చేరారు. నేను ఫిట్జ్ లాగా కుర్చీలో వెనక్కి వాలి మొదలెట్టాను.

“తీసినవాడు ఒంటరివాడు. మెస్సులో ఓ మూల కూర్చుని తింటాడు. డబ్బుకి ఇబ్బంది ఉంది. మన కళ్లలోకి చూసి మాట్లాడడు.”

పేరు నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. అన్ని తలలూ ఒక్కసారే ఒకవైపు తిరిగాయి.

పాడేరు అవతల ఓ ఊరి నుంచి వచ్చిన ఫస్టియరు కుర్రాడతను. ఏమీ అనలేదు. లేచి వెళ్లి, తన ట్రంకుపెట్టె తెచ్చి, వరండాలో అందరి ముందూ బోర్లించాడు. రెండు చొక్కాలు, రికార్డు పుస్తకాలు, పాత పేపర్లో చుట్టిన చింతకాయ పచ్చడి సీసా. అంతే. డబ్బు లేదు.

“ఎక్కడో దాచేశాడోయ్, గట్టివాడే!” అన్నాను నేను.

డబ్బు కనిపించకపోవడం కూడా అతని మీద సాక్ష్యమే అయిందన్నమాట! నా తెలివికి ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడాను.

అయిదో రోజున మెస్సు రిజిస్టరుకి వేసిన అట్ట ఊడితే, లోపల నుంచి ఆ కవరు జారిపడింది. సెక్రటరీ పెట్టి మరచిపోయాడు. అందరూ హమ్మయ్య అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఆ రాత్రి మా రూమ్మేటు నన్నేమీ తిట్టలేదు. “ఇది కూడా చూడు” అని ఇంకో సీరియలు పెట్టాడు. దాని పేరు ‘డిసీట్’. అంటే మోసం అని. 2021లో ఛానల్ 4లో నాలుగు భాగాలుగా వచ్చింది. ఇందులోనూ ప్రొఫైలరూ, డిటెక్టివూ ఉన్నారు. తేడా ఒక్కటే, ఇది నిజంగా జరిగిన కథ.

1992 జూలై 15న లండన్‌లో వింబుల్డన్ కామన్ అనే మైదానంలో రేచల్ నికెల్ అనే ఇరవై మూడేళ్ల యువతిని పట్టపగలు పొడిచి చంపారు. పక్కన ఆమె కొడుకు, ఇంకా మూడేళ్లు నిండని పసివాడు. దేశం అట్టుడికిపోయింది. పోలీసులకి ఆనవాలు దొరకలేదు. పాల్ బ్రిటన్ అనే మనస్తత్వ నిపుణుడిని పిలిపించి, హంతకుడు ఎలాంటివాడై ఉంటాడో రాయించారు. టీవీలో ప్రకటన చూసిన జనం కాలిన్ స్టాగ్ అనే అతని పేరు చెప్పారు. ఒంటరిగా ఉండేవాడు, రోజూ ఆ మైదానంలోనే కుక్కని తిప్పేవాడు. చొక్కా ముందు కుట్టేశారు, అది సరిపోయిన మనిషి దొరికాడు.

సాక్ష్యం మాత్రం లేదు. అప్పుడొక మహిళా పోలీసు మారుపేరుతో, ప్రేమ నటిస్తూ, నెలల తరబడి అతనికి ఉత్తరాలు రాసింది, కలిసింది. ఎలాగైనా ఒప్పించాలని. అతను ఒప్పుకోలేదు. అయినా 1993 ఆగస్టులో అరెస్టు చేశారు. సరిగ్గా మరుసటి నెలలోనే ‘క్రాకర్’ మొదలైంది! తెర మీద ఫిట్జ్ ‘వీడు కాదేమో’ అనుకుంటున్న రోజుల్లో, బయట ఆ మాట వినబడక స్టాగ్ జైల్లో కూర్చున్నాడు. 1994 సెప్టెంబరులో జడ్జి ఆగ్నాల్ ఆ ఉత్తరాల సాక్ష్యం చెల్లదని తోసిపుచ్చాడు. కేసు కూలిపోయింది. అప్పటికి పదమూడు నెలలు లోపల ఉన్నాడు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ పదమూడు నెలలు కాదు. 1993 నవంబరులో, అంటే స్టాగ్ జైల్లో ఉండగానే, రాబర్ట్ నాపర్ అనేవాడు లండన్‌లోనే ఓ తల్లినీ, నాలుగేళ్ల కూతుర్నీ చంపాడు. రేచల్‌ని చంపింది కూడా వాడే. కొత్త డి.ఎన్.ఏ. పరీక్షల వల్ల ఆ సంగతి బయటపడి, వాడు కోర్టులో ఒప్పుకునేసరికి 2008 డిసెంబరు వచ్చింది. పోలీసులు స్టాగ్‌కి క్షమాపణ చెప్పారు. ఏడు లక్షల ఆరు వేల పౌన్ల పరిహారం ముట్టింది. కానీ పదిహేనేళ్ల పాటు వీధిలో జనం చూసిన చూపుకి పరిహారం ఏ ఖజానాలో ఉంది? తప్పు మనిషి మీద కన్ను వేసి కూర్చుంటే రెండు నష్టాలు. ఒకటి ఆ మనిషికి. రెండోది, అసలువాడు వదిలిపెట్టబడి ఇంకా ఎవరిని చంపుతాడో, వాళ్లకి.

మర్నాడు మెస్సులో మూల బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. గొంతు పెగల్లేదు. ఎలాగో, “తప్పయిపోయింది తమ్ముడూ” అన్నాను.

అతను అన్నం కలుపుకుంటూనే, తలెత్తకుండా అన్నాడు: “పర్లేదన్నా. స్కూలు హాస్టల్లో కూడా ఏది పోయినా ముందు నన్నే అడిగేవారు.”

నాకు ముద్ద దిగలేదు. నేనేదో గొప్ప ప్రొఫైలు గీశాననుకున్నాను. ఆ చొక్కా నేను కుట్టింది కాదు. ఎప్పటినుంచో కుట్టి ఉంది. తరగతి మారినా, హాస్టలు మారినా అతని వెంటే వచ్చింది. నేను చేసిందల్లా మళ్లీ తొడగడమే.

డబ్బు దొరికిందని చెప్పినంత గట్టిగా, అతను తియ్యలేదని టీవీ గదిలో ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నేను చెప్పాను. నిలబడి, అందరూ వినేలా, పేరు పెట్టి చెప్పాను. ఫిట్జ్ లాగా కుర్చీలో వాలి మాత్రం కాదు.