చింతపల్లి కొండల్లో నా బులెట్టు

'షోలే' (1975)లో సైడ్‌కారు మోటారు సైకిలు చూసి ఈలలు వేసిన తరం మాది. తెరమీద బండికి కేబులు తెగదు, ప్లగ్గు కాలదు! మన బండికి ఆ వైభోగం ఎక్కడిది?

నాది బులెట్ 350. 1986 మోడలు, పోత ఇనుప ఇంజను. కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. ఏటా డిసెంబరులో దీనిమీద విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి, అక్కణ్ణించి చింతపల్లి వెళ్తాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషను ఆ ఊళ్ళోదే. కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' (1974), అదే మన మొదటి తెలుగు సినిమాస్కోపు, తీసింది కూడా ఆ కొండల్లోనే.

అయితే ఈ ప్రయాణం మొదలయ్యేది రోడ్డుమీద కాదండోయ్, ముందురోజు పొద్దున మా ఇంటి వాకిట్లో. ఇంజను చల్లగా ఉండగానే టాపెట్ల మూత విప్పాలి. పిస్టను కంప్రెషన్‌లో పైకొచ్చాక పుష్‌రాడ్‌ను వేలితో తిప్పి చూడాలి. సులువుగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు. మరీ బిగిస్తే వాల్వు కాలుతుంది. వదిలేస్తే వీధంతా టకటక! తర్వాత పాయింట్లు తుడవడం, చెయిన్ చూడటం. చక్రం పూర్తిగా తిప్పి, చెయిన్ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే వదులు కొలవాలి. ('శివ' (1989) చూసి చెయిన్ చేత్తో లాగేద్దామనుకునే కుర్రాళ్ళకి ఓ మాట: ఇది సైకిలు చెయిన్ కాదు!)

ఇదంతా నేర్పిన ముసలి మెకానిక్కు దుకాణం మూసేశాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్ళు మా పేటలో ఇప్పుడు లేరు. అదే నా బెంగ.

కిందటేడు మా మేనల్లుడు తన కొత్త డిస్కు బ్రేకుల బండిమీద తోడొచ్చాడు. "మావయ్యా, దీన్ని అమ్మెయ్యరాదూ? పాత బులెట్లకి ఇప్పుడు మంచి ధర" అని దారంతా ఒకటే పోరు. ఘాటు ఎక్కుతున్నాం. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగి ఇంకా రాలేదు, పొగమంచులో ముందు చక్రమే సరిగా కనబడటం లేదు. సరిగ్గా ఓ మలుపులో క్లచ్ కేబులు పుటుక్కుమంది. నాలుగేళ్ళు లాగింది, దాని ఆయుష్షు అంతే!

వాడి మొహం పాలిపోయింది. నేను టార్చి వాడి చేతికిచ్చాను. కొత్త కేబులు ఎప్పట్నించో పాతదాని పక్కనే కట్టి ఉంది. రెండు కొసలూ తగిలించడమే పని. పావుగంటలో బయల్దేరాం.

దిగేటప్పుడు రెండో గేరులోనే వచ్చాను. డ్రమ్ము బ్రేకుల్ని అంత దూరం నమ్మితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. వాడు నా వెనకే నడుపుతూ అంతా చూశాడు.

మొన్న ఆదివారం పొద్దున్నే ఇంటికొచ్చి, అడగకుండానే టాపెట్ల మూత విప్పి పుష్‌రాడ్ తిప్పాడు. "సరిగ్గా ఉంది మావయ్యా" అన్నాడు. నేనూ తిప్పి చూశాను, సరిగ్గానే ఉంది. స్పేరు కేబులు కూడా వాడే కొనుక్కొచ్చి పక్కన కట్టాడు.

అమ్మకం మాట మాత్రం ఇంకా వదల్లేదు. ఇప్పుడు కొంటానంటున్నది వాడే!