ఎర్రమన్ను గడ్డ

సంఘ కాపరి కూడా ఒక్కొక్కప్పుడు పిల్లవాని యెదుట తల దించుకోవలసి వస్తుంది. నాకు అట్టి దినము వచ్చింది గనుక దానిని మీతో పంచుకుంటున్నాను.

మా సంఘము నల్లగండ్లలో ఉన్నది. చుట్టూ పెద్ద పెద్ద అపార్టుమెంట్లు లేస్తున్నవి. ఆ పనుల కొరకు చెన్నూరు వైపు నుండి వచ్చిన ఒక కుటుంబము మాతో ఆరాధనలో కూడుకొనేది. ఒక శనివారము సండే స్కూలు పిల్లలను బిర్లా సైన్స్ మ్యూజియమునకు తీసుకొని వెళ్లాము. అక్కడ కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరమును నిలబెట్టారు. దాని పొడవు 44 అడుగులు. ఆ ఎముకలు గోదావరి, ప్రాణహిత నదుల లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికినవి. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి గారు 1988లో దానికి నామకరణము చేస్తూ ఆ ఊరి పేరు కూడా చేర్చారు.

ఆ కుటుంబపు అబ్బాయి పదవ తరగతి చదువుతున్నాడు. "అయ్యగారూ, ఇది మా దిక్కుదే!" అని ఎంతో సంతోషించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా ప్రక్కన కూర్చుని, "అప్పుడు మా దిక్కు ఎండలెట్లుండెనో, వానలెట్లుండెనో రాళ్లను చూసి చెప్తరంట. ఎవరూ చూడనిది ఎట్ల తెలుస్తది అయ్యగారూ?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు సిగ్గుపడ్డాను. "ఈ లోకజ్ఞానము నీకెందుకు? వాక్యము చదువుకో" అని అందరి ముందు గద్దించాను. తరువాతి ఆదివారము వాడు రాలేదు. ఆపై ఆదివారము కూడా రాలేదు. తల్లి నా యొద్దకు వచ్చి, "అడిగినందుకు అయ్యగారు కోపం జేసిండని పిలగాడు రానంటుండు" అని కన్నీళ్లు పెట్టుకున్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా సంఘములో సింగరేణి గనులలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గరకు వెళ్లి ఆ ప్రశ్ననే అడిగాను. ఆయన నవ్వి, "తెల్లవారి లేచేసరికి వాకిలంతా తడిసియుంటే, రాత్రి వాన కురిసిందని మీకెట్లు తెలిసింది? మేలుకొని చూశారా అయ్యగారూ?" అన్నారు. తరువాత ఓపికగా వివరించారు.

మన నల్లగండ్ల గ్రానైటు, కరిగిన రాయి చల్లారి గట్టిపడినది. అందులో ఎముకలు వెదకి లాభము లేదు. గోదావరి లోయ రాళ్లు అట్టివి కావు. ఏరులు తెచ్చిన ఇసుక, బురద పొర మీద పొరగా పేరుకొని రాయిగా మారినవి. అడుగు పొర ముందటిది, పై పొర తరువాతిది.

అన్నిటికంటె అడుగున, మెత్తని మట్టిలో చిన్నా పెద్దా రాళ్లు కలగలిసి, గీతలు పడి ఉంటవి. అట్లు ఈడ్చుకొని వచ్చేది కదిలే మంచుగడ్డ. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రితము మన దేశము ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి దక్షిణ ధ్రువము వైపు ఉండేదట. దాని పైన సింగరేణి బొగ్గు. అంటే తడినేల, దట్టమైన అడవి. ఇంకా పైన మాలేరి ఎర్రమన్ను, రాక్షసబల్లుల తొలి కాలము నాటిది. మట్టిలోని ఇనుము నాగలి కర్రు వలె తుప్పు పట్టుట వలన ఆ ఎరుపు వచ్చింది. ఆ మన్నులో సున్నపు గడ్డలున్నవి. వానకాలములో నేలలోనికి దిగిన నీరు ఎండాకాలములో ఆవిరైపోగా సున్నము గడ్డకట్టి మిగులుతుంది. మన రేగడి చేలలో తగిలే సున్నపు గడ్డలు అట్టివే. కాబట్టి అప్పుడు వేడిమి ఎక్కువ, కొన్నాళ్లు వాన, చాలా నాళ్లు ఎండ. మరి పైన కోటసారస్ నాటి పొరలలో చేపల అచ్చులున్న పలుచని సున్నపురాయి ఉన్నది. అది నిలకడగల మంచినీటి చెరువుల గుర్తు.

ఆ రాళ్లను తొలుత చదివినవారిలో మనవంటి దైవసేవకుడే ఒకరున్నారని తెలిసినప్పుడు నేను మరింత సిగ్గుపడ్డాను. ఆయన నాగపూరులో సువార్త సేవ చేసిన స్కాట్లండు మిషనెరీ స్టీఫెన్ హిస్లాప్. తోటి మిషనెరీ రాబర్ట్ హంటరుతో కలిసి రాళ్లు పరిశోధించారు. మాలేరిలో దొరికిన, ఊపిరితిత్తులతో గాలి పీల్చే జాతి చేపల పళ్లను 1859లో థామస్ ఓల్డ్‌హామ్ వర్ణించి, ఒక రకమునకు హిస్లాప్ పేరు పెట్టారు. 1863లో వరద వాగు దాటుతూ హిస్లాప్ మరణించారు. అంతవరకు ఆయన సువార్తనూ విడువలేదు, సుత్తినీ విడువలేదు.

కోట్ల సంవత్సరములనగానే కొందరు విశ్వాసులు కలవరపడుదురు. నేనూ కలవరపడ్డాను. 90వ కీర్తన తీసి చదువుకొన్నాను. దేవుని కాలమును మన ఇంటి క్యాలెండరుతో కొలువరాదని గ్రహించాను. మరొక సంగతి కూడా నా మనస్సును గుచ్చింది. ఆ మార్పులకు లక్షల సంవత్సరములు పట్టినవి. ఆనాటి అడవి బొగ్గును మనము కొద్ది తరములలోనే కాల్చి పొగ చేస్తున్నాము, భూమి వేడెక్కుతున్నది. మొగులు వైపు చూచే మన పల్లె రైతుకు ఈ చదువు అక్కరలేనిది కాదు.

మరునాడు ఆ అబ్బాయి ఉంటున్న రేకుల గదికి వెళ్లాను. "నాయనా, తప్పు నాది. నాకు తెలియక నిన్ను గద్దించాను, నన్ను క్షమించు" అన్నాను. వాడు తల వంచుకొని ఊరకున్నాడు. ఆ ఆదివారము కూడా రాలేదు. దసరా సెలవులకు ఊరికి పోయి వచ్చాక, ఆరాధన ముగిసిన వేళ గుమ్మము దగ్గర నిలబడియున్నాడు. పాత పేపరులో చుట్టిన ఎర్రమన్ను గడ్డ ఒకటి నా చేతిలో పెట్టాడు. మధ్యలో తెల్లని సున్నపు గడ్డ ఉన్నది.

"ఇదే గదా అయ్యగారూ?"

"నాకు సరిగా తెలియదు బాబూ. పద, పెద్దాయనను అడుగుదాము" అన్నాను.

తల్లిదండ్రులారా, సండే స్కూలు టీచర్లారా, మన పిల్లలు అడిగే ప్రశ్న పాపము కాదు. జవాబు తెలియనప్పుడు వాక్యమును అడ్డుపెట్టుకొని వారి నోరు మూయించుటయే తప్పు. అట్టి తప్పు నుండి ప్రభువు మనలను కాపాడును గాక. ఆమేన్.