ఎడిటర్‌లోనే బ్రౌజర్: మా రూమ్ ముచ్చట

ధర్మసాగర్ హాస్టల్ నుంచి రాస్తున్నం.

కోడింగ్ నేర్చుకోవాలంటే కొత్త లాప్‌టాప్ ఉండాలె గదా అని తమ్ముళ్లు అడుగుతున్నరు. మా రూములో నలుగురం, లాప్‌టాప్ ఒక్కటే. అది కూడా పాతది, ర్యామ్ 4 జీబీ. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చిన మొదటోళ్లం మేమే, ఇంకోటి కొనియ్యమని ఇంట్లో అడగలేం. వీఎస్ కోడ్ తెరిచి, పక్కన పెద్ద బ్రౌజర్ కూడా తెరిస్తే మౌస్ కూడా కదలకపోయేది.

అసలు వీఎస్ కోడ్ (మైక్రోసాఫ్ట్ 2015లో తెచ్చిన ఉచిత ఎడిటర్) క్రోమియం మీదనే కట్టింది. అంటే ఎడిటర్ తెరిస్తే బ్రౌజర్ ఇంజిన్ ఒకటి అప్పటికే నడుస్తున్నట్టు. ఇంకోటెందుకు? కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి, పైన వచ్చిన పెట్టెలో ‘సింపుల్ బ్రౌజర్’ అని కొడితే, మా దగ్గరున్న వెర్షన్‌లో అడ్రస్ అడుగుతది. ఇస్తే కోడ్ పక్కనే పేజీ వస్తది. హెచ్‌టీఎంఎల్ మొదలుపెట్టేటోళ్లకు ‘లైవ్ ప్రివ్యూ’ ఎక్స్‌టెన్షన్ ఇంకా సులువు. ఒక్కసారి నెట్ పెట్టి దించుకుంటే చాలు. ఎడమ పక్క అక్షరం మారిస్తే కుడి పక్క పేజీ మారుతది. అడ్రస్‌లో 127.0.0.1 అని కనబడుతది. అంటే ‘ఈ మిషనే’ అని అర్థం. అడిగేది అదే, జవాబిచ్చేది అదే. డేటా ఖర్చు లేదు.

మేం దీంట్ల మా తండా మాటల పేజీ చేస్తున్నం. మా గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాలతోనే యాడి, బాటి, పాణి అని రాస్తున్నం. (పేజీ పైన చార్‌సెట్ యూటీఎఫ్-8 అని పెట్టండి, లేకుంటే తెలుగు అంతా పిచ్చి గుర్తులయ్యే ప్రమాదం ఉన్నది.) సెలవులకు లాప్‌టాప్ తండాకు తీసుకపోయినం. అక్కడ సిగ్నల్ లేదు, అయినా పేజీ తెరుచుకున్నది. దాదికి చదువు రాదు. మేం ఒక్కొక్క మాట చదివి వినిపిస్తుంటే, "ఇది మీ పట్నపోళ్ల మాట, మేం గిట్ల అనం" అని రెండు దిద్దించింది, ఇంకో పదకొండు చెప్పింది. ఆమె చూస్తుండగనే ఎక్కించినం. కాయితం మీద రాసుకొచ్చి తర్వాత ఎక్కిస్తమంటే సగం పోతయి.

అన్ని సైట్లు మాత్రం దీంట్ల తెరుచుకోవు. మా పేజీని ఇంకో పేజీ లోపల చూపించొద్దు అని చాలా సైట్లు ముందే ఆర్డర్ పెడతయి. ఎందుకంటే, పైన కనబడని బటన్ పెట్టి మన క్లిక్ దొంగిలించే మోసాలున్నయి. స్కాలర్‌షిప్, బ్యాంకు, ఓటీపీ పనులు దీంట్ల పెట్టుకోకండి, మామూలు బ్రౌజర్‌లోనే చేయండి. ఇంకోటి, పేజీ అయినంక ఫోన్లో కూడా ఒకసారి చూసుకోవాలె. మన తండాలో చూసేది ఫోన్లోనే గదా.

మీ ఇంట్ల పెద్దోళ్లు చెప్పిన మాటలుంటే పంపండి. కోయ మాటలైనా సరే, దానికి వేరే పేజీ పెడతం.