సోమల గానుగకు, ఎడిసన్ కొట్టుకు ఒకే లెక్క

నేనుండే ఊరి పేరు ఎడిసన్. న్యూజెర్సీలో తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఊరే. 1954 దాకా దీన్ని రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. ఇక్కడి మెన్లో పార్కులో 1879లో థామస్ ఎడిసన్ తన విద్యుద్దీపాన్ని వెలిగించి చూపాడు, ఊరు ఆయన పేరు పెట్టుకుంది. తీగ ఎర్రగా కాలి వెలిగే ఆ రకం బల్బు తీసుకున్న కరెంటులో పదింట తొమ్మిది వంతులకు పైగా వేడికే పోగొట్టేది. వందేళ్లకు పైగా లోకమంతా ఆ నష్టాన్ని భరించింది. ఇప్పుడు అదే ఊళ్లో చిన్న కొట్లవాళ్లు తమ కరెంటు ఎక్కడ వృథాగా పోతోందో వెతికి ఆపుకుంటున్నారు.

ఓక్ ట్రీ రోడ్డు దగ్గర నాకు తెలిసిన ఒక తెలుగాయనకు కిరాణా కొట్టుంది. మా రాష్ట్రంలో చిన్న వ్యాపారాల కోసం ఒక మంచి ఏర్పాటు నడుస్తోంది. కరెంటు కంపెనీ తరఫున మనిషి వచ్చి, ఏ యంత్రం ఎంత వాడుతోందో ఉచితంగా చూసి లెక్క రాసిస్తాడు. ఒప్పుకుంటే మార్చాల్సినవి వాళ్లే మారుస్తారు. ఖర్చులో పెద్ద భాగం పథకం భరిస్తుంది, యజమాని వంతు వడ్డీ లేని వాయిదాలుగా కరెంటు బిల్లులోనే కట్టుకోవచ్చు. ఆయన కొట్లో కూరగాయల చల్లగది తలుపుకు కొత్త రబ్బరు వేశారు. లోపల రాత్రింబవళ్లు తిరిగే ఫ్యాన్ల మోటార్లు మార్చారు. పాత దీపాలన్నీ తీసి ఎల్‌ఈడీలు పెట్టారు. చల్లగదిలో దీపం వెలిగితే ముందు ఆ దీపానికి కరెంటు, తర్వాత అది పుట్టించిన వేడిని బయటికి తోడెయ్యడానికి కంప్రెసర్‌కు మళ్లీ కరెంటు. అందుకే అక్కడ దీపం మారిస్తే లాభం రెండు వైపులా వస్తుంది.

కిరాణాలో మిగిలేది తక్కువ. రూపాయి అమ్మితే అయిదు పైసలు చేతికొచ్చే వ్యాపారమనుకుంటే, బిల్లులో వంద తగ్గడం రెండు వేల సరుకు అదనంగా అమ్మడంతో సమానం. ఆయన ఈ లెక్క చెబుతుంటే నాకు సోమల గుర్తొచ్చింది.

మాది ఉమ్మడి చిత్తూరు జిల్లా సోమల మండలం. పుంగనూరు దగ్గర. అక్కడ ఏ వ్యాపారం చేసినా ధర ఇంకెక్కడో తేలుతుంది. టమాటా ధర మదనపల్లె యార్డులో, బెల్లం ధర చిత్తూరు మండీలో. పట్టుదారం ధర చాలావరకు కర్ణాటక మార్కెట్లలో. "రేటు మన చేతిలో యాడుండాది నాయనా, వాళ్లిచ్చిందే తీసుకోవాల" అని మా పెదనాన్న ప్రతి ఏడూ అంటాడు. ఆయన మాట నిజం. కానీ ఖర్చులో కొంత భాగం పూర్తిగా మన చేతిలోనే ఉంది. అది పొయ్యిలో కాలేది, మోటారులో తిరిగేది. సోమల లాంటి ఊళ్లలో చిన్న వ్యాపారం నిలదొక్కుకోవడానికి మొదట చూడాల్సిన చోటు అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు గానుగ సంగతి. డిసెంబరు సెలవులకు ఊరికి పోతే అది బెల్లం వండే కాలం. చెరకు ఆడేది కరెంటు మోటారు, రసం కాగేది చెరకు పిప్పి మంట మీద. పాత పద్ధతి పొయ్యికి పెనం ఒక్కటే. దాని కింద మంట దాటి వచ్చిన వేడి గాలి ఇంకా భగభగలాడుతూనే పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. ఆ దారిలో రెండో పెనం, మూడో పెనం పెడితే, వచ్చే రసం ముందుగానే కాగుతుంది, అసలు పెనంలో ఉడికే సమయం తగ్గుతుంది. అడుగున ఇనుప జల్లెడ వేస్తే గాలి కింది నుంచి అంది పిప్పి పూర్తిగా కాలుతుంది. పిప్పిని బాగా ఎండబెట్టకుండా పొయ్యిలో వేస్తే మంటలో కొంత భాగం ఆ తడిని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. ఇవి కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. అనకాపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రంవాళ్లు ఎక్కువ పెనాల పొయ్యిల మీద చాలా ఏళ్లుగా పని చేశారు.

రైతుకు దీనివల్ల ఏమొస్తుంది? మొదటగా, పిప్పి చాలక కట్టెలు కొనడం తప్పుతుంది. కొన్నిచోట్ల కట్టెలు దొరక్క పాత టైర్లు కూడా వేస్తారు, ఆ పొగ పీల్చేది పొయ్యి దగ్గర కూర్చునే మనిషి. పిప్పి మిగిలితే చేనుకు వేసుకోవచ్చు, కొనేవాళ్లుంటే అమ్ముకోవచ్చు. వంట తొందరగా ముగిస్తే అదే రోజు ఇంకో పాకం దించొచ్చు. బెల్లం ధర పడిపోయిన ఏడు గానుగ ఆడాలా, చెరకు ఫ్యాక్టరీకి తోలాలా అన్న నిర్ణయం ఇలాంటి మిగులు మీదే తేలుతుంది.

మా బావకు ఊళ్లో టిఫిన్ హోటలుంది. ఆరు ఫ్యాన్లు, పొద్దున నుంచి రాత్రి దాకా తిరుగుతాయి. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు పన్నెండు గంటల లెక్కన నెలకు 97 యూనిట్లు తగ్గుతాయి. కమర్షియల్ మీటరుకు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి, తగ్గే యూనిట్లు పైమెట్టు నుంచే తగ్గుతాయి. యూనిట్ 9 రూపాయలనుకున్నా నెలకు 870. ఉన్న ఫ్యాన్లన్నీ పీకి ఒక్కోటి 3,000 పెట్టి కొత్తవి కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి ఇరవై నెలలు దాటుతుంది. పాతది కాలిపోయినప్పుడే, ఎలాగూ కొత్తది కొనాల్సినప్పుడే ఇది కొంటే అదనంగా పెట్టేది సగమే, ఏడాది లోపలే చేతికొస్తుంది. బావకు నేను చెప్పింది ఈ రెండో దారి. వ్యాపారి దగ్గర డబ్బు ఎప్పుడూ సరుకులో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని ఒక్కసారిగా ఫ్యాన్ల మీద పెట్టమనడం న్యాయం కాదు.

పిండి మిల్లు మోటారు లెక్క ఇంకా పెద్దది. పది హార్స్‌పవర్ మోటారు పూర్తి లోడు మీద రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే సుమారు 16,000 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే లక్ష రూపాయలు దాటింది. మోటారు కొన్న ధర ఒక్క ఏడాది కరెంటు ఖర్చులో సగం కూడా ఉండదు. మనం బేరమాడేది మాత్రం మోటారు దగ్గరే. కాలినప్పుడల్లా వైండింగ్ చేయించి వాడిన మోటారు సామర్థ్యం 84 శాతానికి పడిపోయిందనుకుందాం. అదే సైజులో ఐఈ3 అనే పొదుపు రకం మోటారుది 90 శాతం పైన. తేడా ఏడాదికి వెయ్యి యూనిట్లకు పైమాటే. బెల్టు వదులైనా నష్టమే, వోల్టేజీ పడిపోతే మోటారు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. మా పల్లెల్లో ఈ చివరి బాధ ఎక్కువ.

మదనపల్లె వైపు పట్టుదారం తీసేవాళ్లకు నీళ్లు కాచడమే పెద్ద ఖర్చు. గూళ్లు ఉడకాలి, బేసిన్లలో నీళ్లు వేడిగా ఉండాలి. 1990లలో టెరి సంస్థ ఈ పని కోసం బయోమాస్ గ్యాసిఫైయర్ పొయ్యిలు తయారుచేసింది. కట్టెను తిన్నగా కాల్చకుండా ముందు గ్యాసుగా మార్చి ఆ గ్యాసును మండిస్తారు. కట్టెలు తగ్గడమే కాదు, పొగ తగ్గి ఆ గదిలో పనిచేసే ఆడవాళ్ల కళ్లకు సుఖం.

మరి ఇంత లాభముంటే ఎందుకు జరగదు? కొలిచి చూపే మనిషి లేడు, ముందు పెట్టే డబ్బు లేదు. ఇంటి బల్బుల విషయంలో ఈ రెండూ ప్రభుత్వమే చూసుకుంది కాబట్టి పని జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని 10 రూపాయలకు ఒక ఎల్‌ఈడీ ఇచ్చారు, 2015 జనవరిలో దేశమంతటా పథకం మొదలైంది. ఇళ్లు మారిపోయాయి. కొట్లు, మిల్లులు, గానుగలు మిగిలాయి. 2025 జులైలో కేంద్ర విద్యుత్ శాఖ అడీటీ అని 1,000 కోట్ల పథకం తెచ్చింది. పొదుపు యంత్రాలకు తీసుకున్న అప్పు మీద సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం, మధ్యతరహావాటికి 3 శాతం వడ్డీ రాయితీ. మంచిదే. కానీ అది పరిశ్రమల గుంపులను చూసి రూపొందించిన పథకం. సోమలలో టిఫిన్ హోటలుకు, సీజన్లో నాలుగు నెలలు ఆడే గానుగకు అందాలంటే మధ్యలో ఇంకొకరు నడవాలి.

ఆ పని కుప్పంలో మొదలుపెట్టొచ్చని నా ఆలోచన. వాడకందార్లే సభ్యులుగా ఉన్న సహకార సంఘం, జనం రెస్కో అని పిలిచేది, దశాబ్దాలుగా కరెంటు పంపిణీ చేసిన ప్రాంతమది. 2025 జనవరిలో ఆ నియోజకవర్గంలోని నడిమూరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి కప్పుల మీద సోలార్ ప్రయోగానికి శ్రీకారం చుట్టారు. పలకలు పెట్టే ముందు వాడకం తగ్గించుకుంటే తక్కువ పలకలు చాలు, ఈ మాట కొట్లకు ఇంకా బాగా వర్తిస్తుంది. వాయిదాను బిల్లులో కలిపే ఎడిసన్ పద్ధతి అక్కడా, తిరుపతి డిస్కం పరిధిలో మిగతాచోట్లా పెడితే, వ్యాపారి జేబులోంచి మొదటి రూపాయి తీయకుండానే పని అవుతుంది.

మా ఊరి వైండింగ్ కుర్రాళ్లకు ఏమవుతుందని బావ అడిగాడు. సరైన ప్రశ్న. మోటార్లు తక్కువ కాలితే వాళ్లకు పని తగ్గుతుంది. కానీ ఊళ్లో ఏ మిల్లులో ఏ మోటారు ఎన్నిసార్లు కాలిందో వాళ్లకే తెలుసు. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగి లెక్క రాసే పనికి వాళ్లకన్నా తగినవాళ్లు లేరు, బీఎల్‌డీసీ ఫ్యాను సర్క్యూటు బోర్డు బాగుచేయడం కూడా నేర్పిస్తే నేర్చుకుంటారు. ఇక్కడున్న మా మండలంవాళ్లం కొందరం కలిసి మీటర్లకు, శిక్షణకు డబ్బు పోగేస్తున్నాం. బావను పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఫొటో తీసి పంపమన్నాను, తొమ్మిది వచ్చాయి. గానుగ పొయ్యి కొలతలు పెదనాన్న తీసిపెడతానన్నాడు.